అంతరాత్మ ఖాళీ చేసిన ఆసనం

తిరుమల వైకుంఠం క్యూ కాంప్లెక్సులో ఒక రాత్రి గడిపినవారికి ఈ దృశ్యం పరిచితమే. కంపార్టుమెంటు తలుపు మూస్తారు. ఫోన్లన్నీ అంతకుముందే కౌంటరులో అప్పగించి ఉంటాం. మొదటి అరగంట చేతులు అలవాటు కొద్దీ జేబులు తడుముకుంటూనే ఉంటాయి. ఆ తరువాత మెల్లగా మనుషుల్లో కదలిక వస్తుంది. ఒకరు పక్కవారి వంక చూస్తారు. పిల్లలు పిల్లల్ని వెతుక్కుంటారు. పాలు వస్తే పసివాళ్లకు ముందివ్వండని నలుగురు ఒక్కసారే అంటారు. ఏ మూల నుంచో గోవింద నామం లేస్తే, ఎన్నడూ గొంతు విప్పనివాడు కూడా అందులో తన గొంతు కలుపుతాడు.

ఒక రాత్రి నా పక్కన పలమనేరు వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ కూర్చుంది. "యా ఊరు నాయనా మీది?" అని మొదలుపెట్టి, నా తల్లిదండ్రుల సంగతి, పిల్లల చదువులు, మా ఊరి చెరువు నిండిందా లేదా అన్నది కూడా అడిగి తెలుసుకుంది. కొంగు ముడి విప్పి చెనిక్కాయల ఉండ ఒకటి నా చేతిలో పెట్టింది. తెల్లవారుజామున దర్శనమైంది. బయటికి వచ్చి కౌంటరు దగ్గర ఫోను అందుకున్నాం. క్షణంలో తలలన్నీ వంగిపోయాయి. నా తలా వంగింది. మళ్లీ ఎత్తి చూసేసరికి అవ్వ లేదు. రాత్రంతా నా యోగక్షేమాలు విచారించిన ఆ మనిషి పేరు నేను అడగనే లేదు.

ఆ సిగ్గుతోనే ఈ మాటలు రాస్తున్నాను. ఇది నా ఒక్కడి సిగ్గు కాదని తెలిసి రాస్తున్నాను.

ఆ కంపార్టుమెంట్ల మీద మరో చూపు కూడా ఉంది. 2023 మార్చిలో సర్వదర్శనానికీ గదుల కేటాయింపుకూ ముఖాన్ని గుర్తుపట్టే సాంకేతికతను దేవస్థానం ప్రవేశపెట్టింది. 2025 సెప్టెంబరులో కృత్రిమ మేధతో నడిచే కమాండ్ కంట్రోల్ కేంద్రం కూడా కొండమీద మొదలైంది. దళారులను అరికట్టాలి, తొక్కిసలాటలు జరగకుండా చూడాలి, తప్పిపోయిన పసివాణ్ణి తల్లి దగ్గరికి చేర్చాలి. ఈ ఉద్దేశాల్లో తప్పేముంది? చంటిబిడ్డను చంకనెత్తుకుని గంటల తరబడి నిలబడిన పేదతల్లి వంతును ఒక కెమెరా కాపాడితే కాదనగల కఠినహృదయం ఎవరికుంది?

అయితే ఆ కెమెరా అవసరం ఎలా వచ్చిందని మనం ఎన్నడైనా అడిగామా? దళారి ఆకాశం నుంచి ఊడిపడ్డాడా? ఒకరి పేరున తీసుకున్న గదిని మరొకరికి అమ్మినవాడు ఎవరు? కొన్నవాడు ఎవరు? "కొండమీద తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడగని ఇల్లు మన వీధిలో ఎన్ని ఉన్నాయి? సిఫారసు ఉత్తరం సంపాదించడం ఘనకార్యమనీ, వరుసలో నిలబడడం చేతకానితనమనీ పిల్లల ముందే చెప్పుకున్నది మనం కాదా? సర్వాంతర్యామి చూస్తున్నాడన్న నమ్మకంతో ఏడుకొండలూ ఎక్కి, ఆయన వాకిట్లోనే ఒకరినొకరం మోసగించుకున్నాం. ఆడినమాట మీద నిలబడే గుణం మనలో నుంచి లేచిపోయింది. అది ఖాళీ చేసిన ఆసనంలో యంత్రం వచ్చి కూర్చుంది.

గత శతాబ్దపు కల్పనా సాహిత్యం ఈ ఖాళీని ఎంతో ముందుగా పసిగట్టింది. ఆ నవలలను డిస్టోపియాలంటారు. పీడకలలాంటి భావికాలాన్ని చిత్రించే రచనలవి. వాటిని యంత్రాల మీద రాసిన హెచ్చరికలుగా చదవడం మనకు అలవాటైంది. శ్రద్ధగా చదివితే అవి మనుషుల మీద రాసిన అభియోగపత్రాలని తెలుస్తుంది. 1909లో ఇ.ఎం.ఫార్‌స్టర్ రాసిన ఒక కథలో మనుషులు భూమి కింద ఒంటరి గదుల్లో బతుకుతుంటారు. మాటలు, పాటలు, ఉపన్యాసాలు, భోజనం అన్నీ యంత్రమే అందిస్తుంది. ఒక కొడుకు తన తల్లిని వేడుకుంటాడు: యంత్రంలో కాదు, నువ్వు స్వయంగా వచ్చి నన్ను చూడమని. ఆ ప్రార్థన తల్లికి విడ్డూరంగా తోస్తుంది. టెలివిజన్ కూడా లేని కాలంలో రాసిన కథ ఇది! ఇవాళ విదేశాల్లో ఉన్న కొడుకును ప్రతి రాత్రీ తెర మీద చూసుకుంటూ, అతని చేతి స్పర్శ ఎలా ఉండేదో మరిచిపోతున్న తల్లులు మన తిరుపతిలో, చిత్తూరులో, మదనపల్లెలో వీధివీధికీ లేరా?

రష్యన్ రచయిత జమ్యాతిన్ 1920 ప్రాంతంలో గాజుగోడల నగరాన్ని ఊహించాడు. అక్కడ పౌరులకు పేర్లుండవు, సంఖ్యలుంటాయి. మన దేశంలోనే, బీహారులోని మోతీహారిలో పుట్టిన జార్జ్ ఆర్వెల్ 1949లో కన్నుమూయని తెరను మన ముందు నిలబెట్టాడు. ఆ నవలలో నన్ను ఎక్కువగా భయపెట్టేది ఆ తెర కాదు. కన్నతండ్రిని పట్టించిన పసిబిడ్డ, ఆ బిడ్డను చూసి గర్వపడే ఆ తండ్రి! రే బ్రాడ్‌బరీ 1953లో పుస్తకాలను తగలబెట్టే ప్రభుత్వాన్ని చిత్రించాడు. అందులో ఆ అగ్నిదళపు అధికారి నోటనే ఒక భయంకర సత్యం పలికించాడు. మొదట ప్రభుత్వం నిషేధించలేదు. ప్రజలే చదవడం మానేశారు. నిప్పు ఆ తరువాత వచ్చింది. మన ఊళ్లలో ఏ పాలకుడి ఆజ్ఞతో శాఖా గ్రంథాలయాల బల్లలు దుమ్ముపట్టాయి? ఏ చట్టం మన ఇళ్లలో రామాయణ భారతాలను అటక మీదికి ఎక్కించింది?

అందరిలోనూ లోతుగా చూసినవాడు ఆల్డస్ హక్స్‌లీ అని నా విశ్వాసం. 1932లో వచ్చిన ఆయన నవలలో కొరడా లేదు, చెర లేదు. శిశువులను సీసాల్లో తయారుచేస్తారు. ఏది ఇష్టపడాలో నిద్రలోనే నేర్పుతారు. మనసు కాస్త చివుక్కుమంటే ఒక మాత్ర సిద్ధంగా ఉంటుంది. ఒంటరిగా కూర్చోవడం అక్కడ అసహ్యకరమైన అలవాటు. దుఃఖించే హక్కు నాకు కావాలని అడిగే మనిషి అక్కడ వింతజంతువు. ఆర్వెల్ తన నవలను హక్స్‌లీకి పంపినప్పుడు ఆయన 1949 అక్టోబరులో జవాబు రాశాడు. కొట్టి లొంగదీసుకోవడం కన్నా, తమ దాస్యాన్ని తామే ప్రేమించేటట్లు మనుషులను మలచడం పాలకులకు సులువని ముందుముందు తెలిసివస్తుందన్నది ఆ జవాబు సారం. ఒకనాడు ఈటన్ పాఠశాలలో ఆర్వెల్‌కు కొన్నాళ్లు ఫ్రెంచి చెప్పిన గురువు కూడా ఆయనే.

మన తెరమీదా ఈ భావికాలం కనిపించింది. 1991లో "ఆదిత్య 369" అణుయుద్ధం తరువాత నేలకింద బతికే మనుషులను చూపింది. 2024లో "కల్కి 2898 ఎడి" సర్వసంపదలనూ పీల్చేసిన కాంప్లెక్సునూ, ఎండిపోయిన కాశినీ చూపింది. చప్పట్లు కొట్టాం. దుర్మార్గుడు ఎక్కడో దూరంగా, ఎత్తైన సింహాసనం మీద ఉన్నాడన్న ఊరటతో ఇంటికొచ్చాం. దారిలోనే ఫోను తెరిచాం.

ఇంత దూరం వెళ్లాను గానీ, ఈ కథలన్నిటినీ మించిన నిజమైన కథ మన మదనపల్లెలోనే పుట్టింది. 1895 మే నెలలో ఒక రెవెన్యూ ఉద్యోగి ఇంట ఎనిమిదో సంతానంగా ఒక పిల్లవాడు పుట్టాడు. ఎనిమిదోవాడు గనుక కృష్ణుడి పేరు పెట్టారు. పదేళ్లకే తల్లి పోయింది. బడిలో మందమతి అనిపించుకుని దెబ్బలు తిన్నాడు. 1909లో మద్రాసు అడయారు తీరాన దివ్యజ్ఞాన సమాజం పెద్దల కంట పడ్డాడు. జగద్గురువు అవతరించబోయే దేహం ఇదేనని వాళ్లు నిశ్చయించారు. ఆ రోజు నుంచి ఆ బాలుడి జీవితాన్ని ఒక ప్రణాళిక ప్రకారం తయారుచేయడం మొదలైంది. ఏం తినాలి, ఎలా స్నానం చేయాలి, ఏ బట్ట కట్టాలి, ఏ భాష మాట్లాడాలి అన్నీ వాళ్లే నిర్ణయించారు. 1911లో అతని చుట్టూ ఒక విశ్వవ్యాప్త సంఘాన్ని నిర్మించారు. నా బిడ్డను నాకిప్పించండని తండ్రి నారాయణయ్య న్యాయస్థానానికి ఎక్కాడు. మద్రాసు హైకోర్టులో 1913లో గెలిచాడు. మరుసటి ఏడాది లండన్‌లోని ప్రీవీ కౌన్సిలులో ఓడాడు. ఇంగ్లండులో పెరిగిన ఆ పిల్లవాడు చివరకు తెలుగే మరిచిపోయాడు.

ఇది హక్స్‌లీ ఊహించిన సీసాలోని శిశువు కథ కాదా? అమ్మ భాష సైతం తుడిచివేసి, ఒక ప్రాణాన్ని ఇతరుల ఆశలకు అచ్చుగా పోయడం కాదా? ఆ పెద్దలు దుష్టులని నేననను. వారిలో ఒకరైన అనీబిసెంటు ఈ దేశ స్వాతంత్ర్యం కోసం చెర అనుభవించిన వ్యక్తి. ప్రేమతో, విశ్వాసంతో, సదుద్దేశంతోనే చేశారు. నియంత్రణలో అత్యంత ప్రమాదకరమైనది ప్రేమ వేషం వేసుకుని వచ్చేదే.

అయితే ఈ కథకు నవలాకారులెవరూ ఊహించని మలుపు వచ్చింది. 1929 ఆగస్టు 3న హాలెండులోని ఓమెన్‌లో వేలాది అనుయాయుల ఎదుట జిడ్డు కృష్ణమూర్తి లేచి నిలబడ్డాడు. తన కోసం కట్టిన సంఘాన్ని తానే రద్దు చేశాడు. సత్యానికి ముందే పరిచిన బాట లేదనీ, ఏ సంస్థా ఏ గురువూ మనిషిని అక్కడికి మోసుకుపోలేరనీ ప్రకటించాడు. కోటా భూములూ దాతలకు తిరిగి వెళ్లిపోయాయి. అప్పటికి ఆయనకు ముప్పై నాలుగేళ్లు. వేలాది మంది దృష్టి తనమీదే ఉండగా, ఆ దృష్టి వద్దని వదులుకోవడం! ఒక్క చిత్రానికి పదిమంది మెచ్చుకోలేదని రాత్రి నిద్రపట్టని మనకు ఆ త్యాగం ఎంత బరువైనదో తెలుస్తుందా?

ఆ మదనపల్లె మనిషికీ ఆల్డస్ హక్స్‌లీకీ 1938లో కాలిఫోర్నియాలో స్నేహం కలిసింది. రాయమని కృష్ణమూర్తిని ప్రోత్సహించినవాడు హక్స్‌లీ. 1954లో వచ్చిన కృష్ణమూర్తి గ్రంథానికి పీఠిక రాసినవాడూ హక్స్‌లీయే. సీసాల్లో పుట్టే శిశువులను ఊహించిన రచయితా, ఇతరులు పోసిన అచ్చును బద్దలుకొట్టి బయటపడిన మనిషీ పక్కపక్కన నడుస్తూ ఏం మాట్లాడుకుని ఉంటారో అని నేను ఎన్నోసార్లు తలపోశాను. మదనపల్లె టమాటా మార్కెట్టు గురించి దేశమంతా ఎరుగుదురు. ఈ స్నేహం గురించి మన బడిపిల్లల్లో ఎందరికి తెలుసు?

1980 దశకంలో, కంప్యూటరు ఇంకా సామాన్యుడి గడప తొక్కని రోజుల్లో, వృద్ధుడైన కృష్ణమూర్తి సభల్లో పదేపదే ఒక ప్రశ్న వేసేవాడు. మనిషి మెదడు చేసే పనులన్నీ యంత్రమే చేసిపెడితే ఆ మెదడు ఏమవుతుంది? వినోదంలో మునిగి క్షీణిస్తుందా, లేక తన లోపలికి తాను తిరుగుతుందా? 1986 ఫిబ్రవరిలో ఆయన కన్నుమూశాడు. ప్రశ్న మన వాకిట్లో నిలబడి ఉంది. మనం ఏ దారి పట్టామో చెప్పడానికి జ్యోతిష్కుడు అక్కరలేదు.

ఏటా మే నెలలో తిరుపతి గంగమ్మ జాతర చూస్తూ నేను ఈ ప్రశ్ననే తలచుకుంటాను. ఊరి ఆడబిడ్డలను చెరబట్టిన పాలెగాడు దాక్కుంటే, గంగమ్మ వేషం మీద వేషం మార్చి వీధివీధీ గాలించి, చివరకు దొర వేషంలో వాణ్ణి బయటికి రప్పించి సంహరించిందని మన పెద్దలు చెబుతారు. అందుకే బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి వేషాలు. ఆ వారం రోజులూ వేషం కట్టినవాడు దేనినీ దాచుకోడు. మనం ఏడాది పొడవునా సామాజిక మాధ్యమాల్లో కట్టే వేషం దేనికి? ఏ పాలెగాణ్ణి పట్టడానికి? నవ్వని ఇంట్లో నవ్వుతున్న చిత్రం, మాటలు లేని దంపతుల పెళ్లిరోజు శుభాకాంక్షలు, ఆకలిగొన్నవాడికి పెట్టిన ముద్దకన్నా పెద్దదైన ఛాయాచిత్రం! నేటి పాలెగాడు బయట లేడు. పరుల మెప్పు లేనిదే నేను లేనన్న భయమై మన గుండెలోనే దాగున్నాడు.

ఆ వేషాలకూ మన అబద్ధాలకూ మనం ఎవరిని బలి ఇస్తున్నాం? రేషను దుకాణం దగ్గర చూడండి. ఈ-పాస్ యంత్రం మీద ముసలి కూలీ వేలు పెడుతుంది. ముద్ర పడదు. తుడుచుకుని మళ్లీ పెడుతుంది. పడదు. జీవితమంతా కలుపు తీసి, రాళ్లెత్తి, అంట్లు తోమి ఆ వేలిగీతలు అరిగిపోయాయి. శ్రమించిన వేలినే యంత్రం గుర్తుపట్టలేకపోయింది. ఆమెను పుట్టినప్పటి నుంచీ ఎరిగిన పదిమంది ఆ వరుసలోనే ఉన్నారు. "ఈమె మా ఊరి మనిషి, నేను సాక్ష్యం" అనే వారి మాటకు విలువ లేకపోయింది. ఎందుకు లేకపోయింది? దొంగకార్డులు రాయించుకున్నది మనం. చచ్చినవారి పేర బియ్యం తీసుకున్నది మనం. చూసి ఊరుకున్నది మనం. మన మాట చెల్లకుండా చేసుకున్నది మనమే. ఆ పాపఫలం ఆ ముసలిదాని వేలి మీద పడింది.

2022 ఆగస్టులో మన రాష్ట్రంలో ఉపాధ్యాయులు ముఖం చూపి హాజరు వేయాలన్న విధానం వచ్చింది. ఉపాధ్యాయులు అవమానమన్నారు. ఆ బాధ న్యాయమైనదే. గురువు ముఖాన్ని అనుమానంతో చూసే రాజ్యం శిష్యుడికి గౌరవం ఎలా నేర్పుతుంది? కానీ బడికి వెళ్లకుండానే జీతం తీసుకున్న కొందరిని సాటి ఉపాధ్యాయులు ఎన్నడైనా ముఖాన నిలదీశారా? తల్లిదండ్రులు అడిగారా? అలాంటివారిని అనుగ్రహంతో పట్నాలకు బదిలీ చేసిన నాయకుల సంగతి? ఇందులో నిర్దోషి ఎవరు? రాసే మేమూ కాదు. యంత్రం చేత నాలుగు పేరాలు రాయించి కింద తన పేరు పెట్టుకునే రచయిత, ఏ ముఖంతో పాఠకుణ్ణి నిజాయితీగా ఉండమంటాడు?

ఇక తల్లిదండ్రులం. బిడ్డ ఏడిస్తే చేతిలో ఫోను పెట్టాం. ఆ తెర వెలుగులో ముద్దలు మింగించాం. కాస్త ఎదిగాక ర్యాంకుల కర్మాగారానికి అప్పగించాం. వాడికి ఏమిష్టమో వాడు కనుక్కునే తీరిక ఇవ్వలేదు. పక్కింటి పిల్లవాడి మార్కులు వాడి అన్నంలో కలిపాం. పదహారేళ్ల తరువాత "మావాడు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడడండీ" అని బాధపడతాం. ఆ పిల్లవాడు మన చేతి పని. ఓమెన్‌లో నిలబడినంత ధైర్యం వాడికి ఎక్కడి నుంచి వస్తుంది? మన ఇంట్లో ఒక్కరైనా అలా నిలబడగా వాడు చూశాడా?

యంత్రాన్ని ద్వేషించమని నేను చెప్పడం లేదు. 2015లో ఈ గడ్డ మీదే, శ్రీసిటీలో ఫోన్ల తయారీ మొదలైంది. మన ఆడబిడ్డలు అక్కడ పనిచేసి ఇల్లు నిలబెట్టుకుంటున్నారు. ఆ శ్రమకు నమస్కరిస్తాను. నేను వేడుకునేది ఒక్కటే: యంత్రానికి పని అప్పగించండి, అంతరాత్మను అప్పగించకండి. ఏది సత్యమో, ఏది న్యాయమో, ఎవరి కన్నీరు తుడవాలో తేల్చే భారం ఏ మేధకూ బదిలీ కాదు. ఆ భారం మోయడమే మనుష్యత్వం.

మోయగలమా? ఈ సీమ చరిత్ర తెలిసినవాడికి ఆ సందేహం రాకూడదు. దేవుణ్ణి కీర్తించిన నోటితో తనను కీర్తించమని సాళువ నరసింహరాయలు అడిగితే, తాళ్లపాక అన్నమయ్య కాదన్నాడనీ, సంకెళ్లు వేసినా చలించలేదనీ ఆయన మనుమడు రాసిపెట్టాడు. ఆ పదకవి సంకీర్తనలు చెక్కిన రాగిరేకులు కొండమీద ఒక చీకటిగదిలో శతాబ్దాల పాటు పడి ఉన్నాయి. వినేవాడు లేడు, మెచ్చేవాడు లేడు. 1922లో వెలుగు చూశాయి. ఇవాళ ఆ పాట లేనిదే తిరుపతికి తెల్లవారదు. తరిగొండలో పుట్టిన వెంగమాంబ, భర్త పోయినా తల గొరిగించుకోనని లోకాన్ని ఎదిరించి కొండెక్కింది. ఈ మట్టి వంగని మనుషులను కన్నది. ఇంకా కంటుంది.

మదనపల్లె దగ్గరి రిషివ్యాలీలో, 1926లో కృష్ణమూర్తి ఎంచుకున్న లోయలో, సాయంత్రం పిల్లలంతా ఒకచోట కూర్చుని, మాటల్లేకుండా, కొండల వెనక సూర్యుడు దిగిపోవడం చూస్తారు. దానికి అస్తాచలం అని పేరు పెట్టుకున్నారు. ఆ బడిలో చదివించగలిగినవారు కొద్దిమందే. కానీ సూర్యుడు హార్సిలీ కొండల మీద దిగినట్లే కుప్పంలోనూ దిగుతాడు, పుంగనూరులోనూ దిగుతాడు, శ్రీకాళహస్తిలో స్వర్ణముఖి ఇసుక మీదా దిగుతాడు. రుసుము అడగడు. రేపు సాయంత్రం మీ బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని ఒక పావుగంట చూడండి. ఫోటో తీయకండి.

ఈసారి కొండకు వెళ్లినప్పుడు, దర్శనమై బయటికి వచ్చాక, కౌంటరులో ఫోను అందుకునే ముందు వెనక్కి తిరగండి. రాత్రంతా మీ పక్కన కూర్చున్నవారు ఇంకా అక్కడే ఉంటారు. వారి పేరు అడగండి.